చట్టం చేశారు, టీచర్లేరీ?

1928లో లిండన్ జాన్సన్‌కు ఇరవై ఏళ్లు. చేతిలో డబ్బు లేక కాలేజీ చదువు మధ్యలో ఆపి, టెక్సాస్ దక్షిణాన కొటుల్లా అనే చిన్న ఊళ్లో మెక్సికన్ పిల్లల బడికి ఏడాదిపాటు పంతులుగా వెళ్లాడు. చాలామంది పిల్లలు పొద్దున ఏమీ తినకుండానే బడికి వచ్చేవారు. మొదటి జీతంలోంచి వాళ్లకు ఆటసామాను కొనిపెట్టాడు, వక్తృత్వ పోటీలు పెట్టించాడు. అయితే బడి ఆవరణలో స్పానిష్ మాట వినపడితే మాత్రం ఊరుకునేవాడు కాదు. 1965 మార్చిలో దేశాధ్యక్షుడిగా కాంగ్రెస్ ఉభయసభల ముందు నిలబడి ఆ పిల్లలనే తలుచుకున్నాడు. వాళ్లలో చాలామందికి ఇంగ్లీషు రాదు, తనకేమో స్పానిష్ అంతంతమాత్రం అని చెప్పుకున్నాడు. 1968 జనవరి 2న ద్విభాషా విద్యా చట్టం మీద సంతకం పెట్టింది ఆ పంతులే.

సంతకం పడింది. మరి పిల్లల ఇంటి భాషలోనూ ఇంగ్లీషులోనూ లెక్కలు, సైన్సు చెప్పగల టీచర్లు దేశంలో ఎంతమంది ఉన్నారు? వేళ్ల మీద లెక్కపెట్టేంత తక్కువ. వాళ్లను తయారు చేసుకోవడానికి అమెరికా అప్పటి నుంచి ఇప్పటిదాకా ఫెలోషిప్పులు ఇచ్చింది, జీతం మీద అదనపు భత్యాలు ఇచ్చింది, అప్పులు మాఫీ చేసింది, విదేశాల నుంచి టీచర్లను రప్పించుకుంది. ఆ డబ్బు ఎప్పుడు పండింది, ఎప్పుడు వృథా అయింది అన్నది ప్రతి బహుభాషా సమాజానికీ పనికొచ్చే చరిత్ర.

నిజానికి రెండు భాషల బడి అమెరికాకు కొత్త కాదు. 1839లోనే ఒహాయో రాష్ట్రం, తల్లిదండ్రులు కోరితే జర్మన్, ఇంగ్లీషు భాషల్లో బడి నడపవచ్చని చట్టం చేసింది. మరుసటి ఏడాదే సిన్సినాటి నగరం అలాంటి బడులు తెరిచింది. 1900 నాటికి ప్రాథమిక పాఠశాలల్లో కనీసం 6 లక్షల మంది పిల్లలు కొంతో గొప్పో జర్మన్‌లో చదువుకుంటున్నారని అంచనా. ఇంతమందికి చెప్పే పంతుళ్లు ఊరికే దొరకరు గనుక జర్మన్-అమెరికన్ ఉపాధ్యాయుల సంఘం పూనుకుని 1878లో మిల్వాకీలో సొంతంగా ఒక శిక్షణ కళాశాల పెట్టింది. సర్కారు సొమ్ము మీద ఆశ పెట్టుకోకుండా జర్మన్ కుటుంబాలు చందాలు వేసుకుని దాన్ని నిలబెట్టాయి.

మొదటి ప్రపంచ యుద్ధంతో అదంతా తుడిచిపెట్టుకుపోయింది. శత్రుదేశపు భాష అన్న ముద్ర పడ్డాక జర్మన్ పుస్తకాలనే తగలబెట్టిన ఊళ్లున్నాయి. 1918లో టెక్సాస్, ఇంగ్లీషు తప్ప మరో భాషలో పాఠం చెప్పడాన్ని నేరంగా ప్రకటించింది. 1919లో మిల్వాకీ కళాశాల మూతపడింది. అదే ఏడాది నెబ్రాస్కా రాష్ట్రం ఎనిమిదో తరగతి పూర్తికాని పిల్లలకు ఏ బడిలోనూ ఇతర భాషలు నేర్పకూడదంది. అక్కడ లూథరన్ బడిలో పనిచేసే రాబర్ట్ మేయర్ అనే టీచరు పదేళ్ల పిల్లవాడి చేత జర్మన్‌లో బైబిల్ కథ చదివిస్తూ దొరికిపోయాడు. 25 డాలర్ల జరిమానా వేశారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1923లో గెలిచాడు. కానీ తీర్పుతో బడులు తిరిగి లేవలేదు. పంతుళ్లను తయారుచేసే చోటు పోయాక, వాళ్ల తరం రిటైరయ్యేసరికి ఆ విద్యే అంతరించింది. ఇదే తప్పు అమెరికా మళ్లీ ఇంకోసారి చేసింది.

నలభై ఏళ్ల నిశ్శబ్దం తర్వాత కదలిక క్యూబా వైపు నుంచి వచ్చింది. కాస్ట్రో అధికారంలోకి వచ్చాక వేలాది కుటుంబాలు మయామీకి వలస వచ్చాయి. వాళ్లలో డాక్టర్లు, లాయర్లతో పాటు అనుభవమున్న బడి టీచర్లూ ఉన్నారు. క్యూబా డిగ్రీలు ఫ్లోరిడాలో చెల్లవు కాబట్టి వాళ్లు తరగతి గదుల్లో సహాయకులుగా కుదురుకోవలసి వచ్చింది. 1963 సెప్టెంబర్‌లో మయామీలోని కోరల్ వే ప్రాథమిక పాఠశాల ఇంగ్లీషు పిల్లలకూ స్పానిష్ పిల్లలకూ రెండు భాషల్లోనూ చదువు మొదలుపెట్టింది. ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బిచ్చింది. ఇంకోపక్క ఫెడరల్ ప్రభుత్వం శరణార్థుల సాయం కింద కేటాయించిన సొమ్ముతో మయామీ విశ్వవిద్యాలయం క్యూబన్ టీచర్లకు మళ్లీ శిక్షణ ఇచ్చి ఫ్లోరిడా సర్టిఫికెట్లు వచ్చేలా చేసింది. అనుకోకుండా కుదిరిన ఏర్పాటే అయినా ఇందులో ఒక సత్యం దాగుంది. భాష వచ్చినవాళ్లు, పాఠం చెప్పడం తెలిసినవాళ్లు కళ్లముందే ఉన్నారు. వాళ్లకూ ఉద్యోగానికీ మధ్య అడ్డం ఉన్నది ఒక కాగితం. ఆ కాగితం సంపాదించుకోవడానికయ్యే ఖర్చు భరిస్తే చాలు, టీచరు తయారు. ఈ చరిత్ర మొత్తంలో డబ్బు ఇంత సూటిగా పనిచేసిన సందర్భాలు చాలా తక్కువ.

1968 చట్టానికి మూలపురుషుడు టెక్సాస్ సెనేటర్ రాల్ఫ్ యార్‌బరో. మనసు మంచిదే గానీ సంచి చిన్నది. 1969కి 3 కోట్ల డాలర్ల దాకా ఖర్చు పెట్టవచ్చని చట్టంలో రాసుకుని, చివరికి ఇచ్చింది 75 లక్షలు. దేశం మొత్తం మీద 76 బడి ప్రాజెక్టులకు ఆ సొమ్ము సర్దారు.

టీచర్ల కోసం వెతుకులాట మొదలైంది. స్పానిష్ ఇంటిపేరు ఉంటే చాలు, భాష వచ్చే ఉంటుందని ఈ తరగతులు అప్పగించిన చోట్లున్నాయి. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ టీచర్లు పుట్టి పెరిగింది టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూ మెక్సికోల్లో. వాళ్లు చదువుకున్న రోజుల్లో బడిలో స్పానిష్ మాట్లాడితే బెత్తం దెబ్బలు, జరిమానాలు. అమ్మతో మాట్లాడే స్పానిష్ వచ్చు, భిన్నాల కూడిక స్పానిష్‌లో చెప్పమంటే నోరు పెగలదు. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే ఇంగ్లీషు మీడియం విద్యార్థిని లవం, హారం అంటే ఏమిటో చెప్పమన్నట్టే ఉంటుంది. కిరణజన్య సంయోగక్రియ గురించి ఎన్నడూ ఆ భాషలో వినని మనిషి పాతికమంది పిల్లలకు ఎలా చెబుతుంది? బోధకుల్లో చాలామందికి పిల్లల భాషలో తగినంత పట్టు లేదని 1970ల చివర్లో జరిగిన మదింపులు బయటపెట్టాయి. విమర్శకులు దాన్ని పట్టుకుని పద్ధతే పనికిరాదన్నారు. పద్ధతిని సరిగ్గా అమలు చేయగల మనుషులే లేనప్పుడు దాని ఫలితాన్ని ఎలా తూకం వేశారో ఆలోచించినవాళ్లు తక్కువ.

ఈలోగా శాన్‌ఫ్రాన్సిస్కో చైనీస్ కుటుంబాలు కోర్టుకెక్కాయి. కిన్నీ లావ్ అనే పిల్లవాడి పేరుమీద నడిచిన ఆ కేసులో, ఇంగ్లీషు రాని 1,800 మంది చైనీస్ పిల్లలను ఏ సాయమూ లేకుండా తరగతిలో కూర్చోబెట్టారన్నది అభియోగం. 1974 జనవరి 21న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా పిల్లల పక్షాన తీర్పు చెప్పింది. ఒకే పుస్తకం, ఒకే టీచరు, ఒకే పాఠం ఇచ్చినంత మాత్రాన అర్థంకాని పిల్లవాడికి సమాన అవకాశం ఇచ్చినట్టు కాదన్నది ఆ తీర్పు సారం. ఫలానా పద్ధతే పాటించాలని మాత్రం కోర్టు చెప్పలేదు.

తీర్పు వేడి చల్లారకముందే, అదే ఏడాది కాంగ్రెస్ చట్టాన్ని సవరించింది. శిక్షణకు ప్రత్యేకంగా డబ్బు పక్కన పెట్టడం అప్పుడే మొదలైంది. విశ్వవిద్యాలయాలకు గ్రాంట్లు వచ్చాయి. ఏడాదికి కనీసం 100 ఫెలోషిప్పులు ఇవ్వవచ్చన్నారు. ఇవి నేరుగా బడి టీచర్ల కోసం కాదు, ఆ టీచర్లకు పాఠాలు చెప్పే ఆచార్యులను తయారు చేయడానికి. ఎందుకంటే విశ్వవిద్యాలయాల్లోనూ ఈ విషయం తెలిసినవాళ్లు లేరు. విత్తనానికే కరువున్నప్పుడు ముందు విత్తనం పండించుకోవాలి కదా. ఈ ఆలోచన చేసినవాళ్లను మెచ్చుకోవాలి. 1978 సవరణల్లో ఒక షరతు చేరింది. ఫెలోషిప్ తీసుకున్నవాళ్లు అంతే కాలం ఈ రంగంలో పనిచేయాలి, లేదా డబ్బు తిరిగి కట్టాలి. మనదగ్గర పీజీ డాక్టర్ల చేత రాయించుకునే బాండు లాంటిది.

1980కి ఈ చట్టం కింద కేటాయింపు సుమారు 16 కోట్ల 70 లక్షల డాలర్లకు చేరింది. రీగన్ అధ్యక్షుడయ్యాక రెండేళ్లలోనే అది 14 కోట్ల లోపుకు దిగింది. పిల్లల సంఖ్య మాత్రం ఏటా పెరుగుతూనే ఉంది.

ఫెడరల్ సొమ్ము చాలనప్పుడు రాష్ట్రాలు, స్కూల్ డిస్ట్రిక్టులు (స్థానికంగా బడులు నడిపే సంస్థలు) తమ దారి తాము చూసుకున్నాయి. 1973లో టెక్సాస్, ఒక డిస్ట్రిక్టులో ఒకే తరగతిలో ఇంగ్లీషు అంతగా రాని పిల్లలు 20 మంది ఉంటే ద్విభాషా బోధన పెట్టి తీరాలంది. 1918లో ఆ పనినే నేరమన్న రాష్ట్రం ఇది. అలాంటి ప్రతి విద్యార్థికీ మామూలు గ్రాంటు మీద 10 శాతం అదనంగా ఇచ్చే పద్ధతి తర్వాత వచ్చింది. ఆ సొమ్ములోంచి టీచర్లకు భత్యం ఇవ్వవచ్చు. ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎంత అన్నది డిస్ట్రిక్టుల ఇష్టం. దాంతో ఒక డిస్ట్రిక్టు తయారు చేసుకున్న టీచరును పక్క డిస్ట్రిక్టు ఇంకాస్త ఎక్కువ ఇచ్చి లాక్కునే వేలంపాట మొదలైంది. మొత్తం టీచర్ల సంఖ్య దానివల్ల పెరగదు. కొన్నిచోట్ల సముద్రం దాటి వెతికారు. స్పెయిన్ విద్యాశాఖ తన టీచర్లను అమెరికా బడులకు పంపే కార్యక్రమం 1986లో కాలిఫోర్నియాతో మొదలైంది.

భత్యం తెచ్చిన గొడవ అన్నింటికన్నా గట్టిగా వినిపించింది లాస్ ఏంజిలెస్‌లో. అక్కడి డిస్ట్రిక్టు 1980ల చివర్లో ద్విభాషా సర్టిఫికెట్ ఉన్న టీచర్లకు ఏడాదికి 5,000 డాలర్ల దాకా అదనంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పట్లో అది మామూలు మొత్తం కాదు. పక్కపక్క గదుల్లో, ఒకే సర్వీసు ఉన్న ఇద్దరు టీచర్లలో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ. ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషులో పాఠం చెబుతున్నవాళ్లకు తమ గది చేజారుతుందన్న భయం కూడా తోడైంది. అంతకుముందే, 1987లో, అక్కడి ఉపాధ్యాయ సంఘం సభ్యులు ఓటింగు పెట్టుకుంటే 78 శాతం మంది ఇంగ్లీషు బోధన వైపే మొగ్గారు. ద్విభాషా బోధనకు పెద్ద వ్యతిరేకత స్టాఫ్ రూమ్ లోపలే పుట్టిందన్నమాట. భత్యం ఇవ్వడం తప్పు కాదు. రెండు భాషల్లో పాఠం తయారు చేసుకోవడం, ఇద్దరి పని ఒకరు చేయడం నిజంగా అదనపు శ్రమే. కానీ ఆ సర్టిఫికెట్ సంపాదించుకునే దారి మిగతా టీచర్లకు కూడా తెరిచి, చదువుకునే తీరిక ఇచ్చి ఉంటే ఆ కడుపుమంట అంత పెరిగేది కాదు.

1998 జూన్‌లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రతిపాదన 227ను 61 శాతం ఓట్లతో గెలిపించారు. ఇకమీద బడుల్లో బోధన ఇంగ్లీషులోనే. తల్లిదండ్రులు ప్రత్యేకంగా దరఖాస్తు పెట్టుకుంటేనే మినహాయింపు. ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లల్లో అప్పటిదాకా సుమారు 30 శాతం మంది ద్విభాషా తరగతుల్లో ఉంటే, ఏడాది తిరిగేసరికి 12 శాతానికి పడిపోయారు. తరగతులు పోతే టీచర్ల అవసరం పోయింది, అవసరం లేని శిక్షణ కోర్సులో చేరేవాళ్లు పోయారు, చేరేవాళ్లు లేని కోర్సులను విశ్వవిద్యాలయాలు ఎత్తేశాయి. ఇరవై ఏళ్లపాటు పోగుచేసిన విద్యను ఇలా ఒక్క వేసవిలో వదులుకున్నారు. 2001లో కాంగ్రెస్ ఆమోదించిన కొత్త విద్యాచట్టం ఫెడరల్ స్థాయిలోనూ ద్విభాషా విద్యా చట్టాన్ని రద్దు చేసింది, దాంతోపాటు ఆ ఫెలోషిప్పులూ పోయాయి.

అయితే పోతూ పోతూ ఆ చట్టం ఒక మంచి విత్తనం వేసింది. చికాగోలో లోగన్ స్క్వేర్ అనే పేట ఉంది. మెక్సికన్, ప్యూర్టోరికన్ కుటుంబాలు ఎక్కువ. అక్కడి బస్తీ సంఘం 1995 నుంచి తల్లులను బడిలోకి తీసుకొచ్చింది. ఒక్కో తల్లి రోజుకు రెండు గంటలు తరగతి గదిలో వెనకబడిన పిల్లల పక్కన కూర్చుని చదివిస్తుంది. 100 గంటలు పూర్తిచేస్తే కొంత భత్యం. ఈ తల్లుల్లో చాలామంది, తాము కూడా టీచర్లం కాగలమా అని అడగడం మొదలుపెట్టారు. 2000లో ఆ పాత చట్టం కిందే ఫెడరల్ గ్రాంటు దొరికింది. చికాగో స్టేట్ యూనివర్సిటీ అధ్యాపకులే సాయంత్రాలు ఆ పేట బడికి వచ్చి డిగ్రీ పాఠాలు చెప్పారు. తల్లులు క్లాసులో ఉన్నంతసేపు పిల్లలను చూసుకోవడానికి పక్క గదిలో మనిషిని పెట్టారు. ఫీజు మాఫీ కన్నా ఆ పక్క గదే ఎక్కువ మందిని డిగ్రీ దాకా నడిపించి ఉంటుంది. నెలకు నాలుగు డబ్బులు చేతిలో పెట్టి చదువుకోమంటే, పసిబిడ్డ ఉన్న తల్లి ఎక్కడ చదువుకోగలదు?

ఈ అనుభవం చూసే ఇలినాయ్ రాష్ట్రం 2004లో, పేటల నుంచే టీచర్లను తయారు చేసుకునే చట్టం తెచ్చింది. చదువుకు అప్పిస్తారు. పేదల పిల్లలు చదివే బడుల్లో ఐదేళ్లు పనిచేస్తే అది మాఫీ. పిల్లల సంరక్షణ ఖర్చులకూ వీలు కల్పించారు. 2016 నాటికి వెయ్యి మంది టీచర్లు కావాలన్నది లక్ష్యం. దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఉద్యోగాలు చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ చదివేవాళ్లకు డిగ్రీ పూర్తికావడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఈలోగా 2015లో గవర్నరుకూ శాసనసభకూ మధ్య బడ్జెట్ తగాదా ముదిరి రెండేళ్లపాటు రాష్ట్ర నిధులే స్తంభించిపోయాయి. సగం చదువులో ఉన్నవాళ్ల గతి ఏమై ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఫెడరల్ ప్రభుత్వం 2007లో టీచ్ గ్రాంటు అనే పథకం పెట్టింది. టీచరు కాబోయే విద్యార్థికి ఏడాదికి 4,000 డాలర్ల దాకా ఇస్తారు. టీచర్ల కొరత ఉన్న రంగాల్లో ద్విభాషా విద్య కూడా ఒకటి. చదువు ముగిశాక ఎనిమిదేళ్లలో నాలుగేళ్లు పేద బడుల్లో ఆ పాఠమే చెప్పాలి. వినడానికి బాగానే ఉంది. కానీ ఏటా ఒక ఫారం మీద బడి అధికారి చేత సంతకం పెట్టించి గడువులోగా పంపాల్సి ఉండేది. సంతకం ఒకటి తప్పినా, ఫారం కొద్దిరోజులు ఆలస్యమైనా గ్రాంటు మొత్తం అప్పుగా మారిపోయేది, వడ్డీ మొదటి రోజు నుంచి లెక్కకట్టేవాళ్లు. ఒకసారి మారిందంటే మళ్లీ గ్రాంటు కావడం కల్లగా ఉండేది. 2,252 మంది గ్రాంట్లు పొరపాటున అప్పులైపోయాయని 2015లో ప్రభుత్వ ఆడిట్ సంస్థే తేల్చింది. నిజంగా పేద బడిలో పాఠాలు చెబుతూనే అప్పులపాలైన టీచర్ల గోడు 2018లో రేడియోలో మారుమోగాకే విద్యాశాఖ దిగొచ్చి పాత కేసులు తిరగదోడింది. 2021లో కాంగ్రెస్ నిబంధనలను సడలించింది. కోరల్ వే కాలంలో ఒక కాగితం అడ్డు తొలగించడానికి సర్కారు డబ్బు ఖర్చు పెట్టింది. ఇక్కడ డబ్బు ఇచ్చి కాగితాన్ని అడ్డం పెట్టింది.

2016 నవంబర్‌లో కాలిఫోర్నియా ఓటర్లు పాత నిషేధాన్ని 73 శాతానికి పైగా ఓట్లతో ఎత్తేశారు. ఇంగ్లీషు మాట్లాడే కుటుంబాలే ఇప్పుడు తమ పిల్లలకు స్పానిష్, మాండరిన్ కావాలని వరస కట్టాయి. పాత ప్రశ్నే మళ్లీ ఎదురైంది. టీచర్లేరీ? 2017లో రాష్ట్రం 50 లక్షల డాలర్లతో ఒక శిక్షణ కార్యక్రమం పెట్టింది. అందులో ప్రాధాన్యం ఎవరికి ఇచ్చారో చూడాలి: చేతిలో ద్విభాషా సర్టిఫికెట్ ఉండీ మూడేళ్లకు పైగా ఇంగ్లీషు తరగతుల్లోనే పనిచేస్తున్న టీచర్లకు, భాష వచ్చిన తరగతి సహాయకులకు. 2030 నాటికి రెండు భాషల్లో నడిచే కార్యక్రమాలను 1,600కు, అంటే దాదాపు నాలుగు రెట్లకు పెంచాలని రాష్ట్ర విద్యాశాఖ 2018లో లక్ష్యం పెట్టుకుంది. అంతటి లక్ష్యానికి 50 లక్షలు ఏమూలకు? 1998లో కోర్సులను ఎత్తేయకుండా ఉంటే ఈ ఖర్చులో చాలాభాగం అసలు అవసరమే ఉండేది కాదు. ఫెడరల్ స్థాయిలో 2025లో విద్యాశాఖ ఉద్యోగాల కోతలో ఈ పిల్లల వ్యవహారాలు చూసే కార్యాలయం దాదాపు ఖాళీ అయింది.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఈ చరిత్రతో నేరుగా పని ఉంది. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి లాంటి వారాంతపు బడుల్లో వేలాది మంది పిల్లలు తెలుగు నేర్చుకుంటున్నారు. పాఠాలు చెప్పేది జీతం తీసుకోని తల్లులు, తండ్రులు. మయామీ క్యూబన్ టీచర్లలాగా, లోగన్ స్క్వేర్ తల్లుల్లాగా వీళ్లకు భాష వచ్చు, పిల్లల మనసూ తెలుసు. కానీ మిల్వాకీ కళాశాల కథ చెప్పినట్టు, టీచర్లను తయారుచేసే చోటు లేకుండా ఉత్సాహం ఒక్కదాని మీద నడిచేది ఒక తరం దాటి నిలబడటం కష్టం. కాలిఫోర్నియాలోని యూబా సిటీ చుట్టుపక్కల తరతరాలుగా ఉంటున్న పంజాబీ రైతు కుటుంబాల భాషకు ఆ రాష్ట్ర టీచర్ల ద్విభాషా సర్టిఫికెట్ పరీక్షల్లో చోటుంది. తెలుగుకూ ఆ చోటు కావాలని, ఆ పరీక్ష రాసేవాళ్ల ఫీజు, శిక్షణ ఖర్చు ప్రభుత్వమో సమాజమో భరించాలని అక్కడి తెలుగు సంఘాలు అడగాలి. పెద్ద పండుగ సభలకు పోగుచేసే విరాళాల్లో కొంత భాగం ముందు ఆ పనికి తీసి పక్కన పెట్టాలి.